ఎవరో కెలికారు

కంప్యూటర్ చెడిపోయిన చోటికి నేను వెళ్లగానే మొదట వినపడే మాట ఒకటే. "నేనేం ముట్టుకోలేదప్పా." కీబోర్డు మీద టీ ఒలకబోసినవాడు అదే అంటాడు, నడుస్తున్న మిషన్ ప్లగ్గు పీకినవాడు అదే అంటాడు, ఎవడో పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన సినిమా ఎక్కించి అంతా పాడు చేసుకున్నవాడూ అదే అంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ముట్టుకోకుండా కంప్యూటర్‌తో పని ఎట్లా చేశావయ్యా, దూరంగా నిలబడి దండం పెట్టావా అని అడగాలనిపిస్తుంది.

మా రిపేరు వాళ్లకు కూడా ఒక మాట ఉంది. "ఎవరో కెలికారు." కారణం తెలియనప్పుడు అంటాం. తెలిసినా చెప్పుకోలేనప్పుడు ఇంకా గట్టిగా అంటాం. కర్నూలులో నాకు పని నేర్పినాయన మొదటి వారంలోనే ఈ మాట నేర్పాడు. స్క్రూ డ్రైవర్ పట్టుకోవడం ఆ తర్వాత నేర్పాడు. కస్టమర్ ముందర "నాకు తెలీదు" అనకూడదట, పరువు పోతుందట. ఎవరో కెలికారు అంటే చాలు, కస్టమర్ తన ఇంట్లోవాళ్లనో పనివాళ్లనో అనుమానంగా చూడడం మొదలుపెడతాడు, మన వైపు చూడడు. ఇరవై ఏళ్లుగా ఈ మాట వాడుకుంటూ బతికాను. దాని వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయింది. అది రాస్తుంటే ఇప్పటికీ నా మీద నాకు చెయ్యి చేసుకోవాలన్నంత కోపం వస్తోంది.

ఎర్రగుంట్లలో రోడ్డు పక్కన ఒక లారీ కాటా ఉంది. బండి బండినే ఇనుప పలక మీదికి ఎక్కించి తూచే చోటు. సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్లే సున్నపురాయి బండ్లు, నాపరాళ్ల బండ్లు అక్కడ ఆగి తూయించుకుని చీటీ తీసుకుని పోతాయి. పలక పక్కన చిన్న గది. గదిలో ఒక టేబులు, టేబులు కింద పాత కంప్యూటర్. దాంట్లో విండోస్ ఎక్స్‌పీ. లోకమంతా దాన్ని వదిలేసినా ఈ గదిలో వదలడానికి వీల్లేదు, ఎందుకంటే బరువు చూపించే ప్రోగ్రాం అందులో తప్ప నడవదు. ఆ ప్రోగ్రాం రాసిచ్చినవాళ్లు ఎప్పుడో దుకాణం మూసేశారు, ఫోన్ చేస్తే ఆ నెంబరు ఎవరో కూరగాయల ఆయన దగ్గర మోగుతుంది. ఓనరును కొత్తది కొనమంటే "ఇది బాగానే ఉండాది గదప్పా" అంటాడు. చెడిపోయింది బాగు చెయ్యమని నన్ను పిలిచి, నా మొహం మీదే బాగానే ఉందంటాడు. ఇట్లాంటి వాళ్లతోనే నా బతుకంతా.

ఆ కుర్చీలో పగలంతా కూర్చునేది ఒకామె. ముప్పై ఏళ్లుంటాయేమో. ఇంటర్ చదివింది. అమ్మానాన్నలు నాపరాళ్ల గనుల్లో ఎండలో పని చేసి ఒళ్లు పాడుచేసుకున్నవాళ్లు. వాళ్లింట్లో నీడలో కూర్చుని చేసే ఉద్యోగం దొరికింది ఆమెకే, ఆ ఇల్లు నడిచేది దాని మీదే. ఈ సంగతి ఆమె చెప్పుకుని ఏడ్చింది కాదు, ఒకసారి విండోస్ ఎక్కుతుంటే మాటల్లో మామూలుగా చెప్పింది. నేను చూసినంతమందిలో "నేనేం ముట్టుకోలేదు" అనని మనిషి ఆమె ఒక్కతే.

మొదటిసారి నేను వెళ్లినప్పుడు ఒక పొడుగాటి నోటుబుక్కు తెరిచి చదివింది. "పొద్దున ఆరుంబావుకు ఆన్ చేసినా అన్నా. తెర రాలేదు. పొడుగు బీపు ఒకటి, ఆగి ఇంకోటి, అట్లనే కొట్టుకుంటా ఉండాది. ఆపి మళ్లీ ఏసినా, అదే. మూడోసారికి వచ్చింది. తొమ్మిదింటికి తెరంతా నీలంగా అయిపోయింది. దాని మీద రాసింది ఇదో, ఎక్కించుకున్నా." సున్నాలూ అక్షరాలూ కలిసిన ఆ పొడుగాటి నెంబర్లను ఒక్కటి తప్పకుండా దించింది. పెద్ద పెద్ద ఆఫీసుల్లో చదువుకున్న వాళ్లు "ఏదో ఇంగ్లీషులో వచ్చింది, మూసేసినా" అంటారు. ఈమె చేతిలో నాకు కావలసినదంతా ఉంది.

పొడుగు బీపంటే మెమరీ బాధ. కంప్యూటర్ డబ్బా విప్పి, మెమరీ ముక్క, అదే ర్యామ్, బయటికి తీసి, దాని పసుపుపచ్చ పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. మా పనిలో సగం వైద్యం ఇదే. ఎర్రగుంట్లలో సిమెంటు దుమ్ము ఎటూ ఉంటుంది కాబట్టి రబ్బరుకు బూడిదరంగు అంటుతుందనుకున్నాను. గోధుమరంగు జిగురు అంటింది. డబ్బా లోపల నుంచి ఏదో తియ్యటి వాసన కూడా వచ్చింది. గదిలో అగరొత్తి వెలిగించి ఉంటారనుకుని వదిలేశాను. ముక్కు చెప్పింది మెదడు వినకపోతే ఎట్లా ఉంటుందో ఆ రోజు నన్ను చూస్తే తెలిసేది.

రుద్ది పెట్టాక బాగా నడిచింది. వారం తిరక్కుండా మళ్లీ ఫోన్. మళ్లీ బీపులు. మళ్లీ రబ్బరు. ఆ తర్వాతి వారం మళ్లీ. కర్నూలు పోయి పాత సామాన్ల అంగళ్లలో వెతికి అట్లాంటిదే ఇంకో ర్యామ్ తెచ్చి వేశాను. రెండు వారాలు నడిచి అదీ మొదలుపెట్టింది. విండోస్ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. ఆ పాత బోర్డుకు సౌండు డ్రైవర్ లేదు, ప్రింటర్ డ్రైవర్ లేదు, నా దగ్గర గీతలు పడిన సీడీల కట్టంతా పక్కన పరుచుకుని ఒక్కొక్కటి పెట్టి తీసి పెట్టి తీసి ఒక పగలంతా అక్కడే కూర్చున్నాను. బయట లారీ హారన్లు. ఓనరు గంటకోసారి వచ్చి "అయిందా?" అంటాడు. అయితే చెప్పనా?

ఆ రోజే ఆమె నోటుబుక్కు పేజీలు వెనక్కి తిప్పి చూపించింది. "అన్నా, ఒకటి చూడు. బీపులొచ్చేదంతా శుక్రవారమే. ఇదో, ఇదో, ఇది కూడా శుక్రవారమే. మిగతా దినాల్లో తెర నీలమైతాది గానీ బీపులు రావు."

నేను నవ్వాను. "శుక్రవారమని కంప్యూటర్‌కు ఎట్లా తెలుస్తుందమ్మా? క్యాలెండర్ చూసుకుంటుందా?"

ఆమె నోటుబుక్కు మూసేసింది. నాకు పనికొచ్చే మాట ఆ గదిలో అది ఒక్కటే. దాన్ని నేను ఎగతాళి చేశాను, ఎందుకంటే అది నాకు తోచలేదు.

ఇంకో శుక్రవారం మళ్లీ పిలిచారు. అప్పటికి నాకు విసుగు నెత్తికెక్కి ఉంది. ఆ డబ్బాలో ఒక చిన్న కార్డు ఉంటుంది. కాటా నుంచి వైరు మీద వచ్చే బరువును కంప్యూటర్‌కు అందించేది అదే. ర్యామ్ సంగతి చూస్తూ, ఈ కార్డు గుచ్చిన స్లాటు కూడా మురికిగా ఉంది గదా అని దాన్ని పీకి కింది స్లాటులో గుచ్చాను. పాత విండోస్‌కు ఒక గుణముంది. అదే కార్డును ఇంకో స్లాటులో పెడితే కొత్త కార్డు వచ్చిందనుకుని దానికి కొత్త పోర్టు నెంబరు, అంటే కొత్త చిరునామా, ఇస్తుంది. బరువు ప్రోగ్రామేమో పాత నెంబరు దగ్గరే వెతుక్కుంటూ కూర్చుంటుంది. ఇది మా పనిలో ఓనమాలు. నాకు తెలుసు. ఆ రోజు ప్రొద్దుటూరులో ఇంకో పని ఉంది, తొందరలో మరిచాను.

ఆమె మరవలేదు. "అన్నా, ఒక బండిని ఎక్కించి చూసి పోరాదా?"

"బండ్లు యాడున్నాయమ్మా?" అన్నాను. నిజమే, ఫ్యాక్టరీలో ఏదో పని వల్ల ఆ శుక్రవారం నుంచి లోడింగ్ ఆపేశారు, రోడ్డు ఖాళీగా ఉంది. "అంతా బాగుంది, ఏం కాదు" అని సంచి భుజాన వేసుకుని బయటపడ్డాను.

సోమవారం పొద్దున లోడింగ్ మొదలైంది. మొదటి లారీ పలక మీదికి ఎక్కింది. తెర మీద బరువు సున్నా. రాళ్లు నిండిన లారీకి సున్నా. రెండో లారీకి సున్నా. నేను పోయేసరికి బండ్ల వరస రైల్వే గేటు దాకా ఉంది, డ్రైవర్లంతా గది ముందర గుమికూడి ఉన్నారు, ఓనరు అరుస్తున్నాడు, ఆమె కుర్చీ పక్కన లేచి నిలబడి ఉంది.

రెండు నిమిషాల్లో నాకు అర్థమైంది. పోర్టు నెంబరు మారింది. మార్చింది నేను. పాత నెంబరు ఇచ్చి మళ్లీ స్టార్ట్ చేశాను, పలక మీది లారీ బరువు తెర మీదికి వచ్చింది. అంతటితో అయిపోవలసింది.

ఓనరు అడిగాడు. "శుక్రవారం నువ్వు బాగు చేసి పోతివి గదప్పా. మధ్యలో ఒక్క బండీ ఎక్కల్యా. మరి ఏమైనట్లు ఇది?"

అంతమంది చూస్తున్నారు. నా నోట్లో ఆ మాట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది గదా, దానంతటదే వచ్చింది. "సెట్టింగులు ఎవరో కెలికారన్నా."

ఓనరు ఆమె వైపు తిరిగాడు. "ఆ కుర్చీలో నువ్వు గాక ఎవురు కూసుంటారు?"

సాయంత్రం ఐదు దాటాక ఆ కుర్చీలో కూర్చునేది ఓనరే. ఆ సంగతి ఆ పొద్దు ఓనరుకు గుర్తు రాలేదు, డ్రైవర్లకు గుర్తు రాలేదు. ఒక డ్రైవర్ "బండ్లు లేవని సినిమాలు పెట్టుకునింటాదిలే" అన్నాడు. నలుగురు నవ్వారు.

ఆమె ఏడవలేదు, అరవలేదు. సొరుగు లాగి నోటుబుక్కు తీసింది, శుక్రవారం పేజీ తెరిచి ఓనరు ముందర పట్టింది. నేను నిలబడిన చోటి నుంచి ఆ పేజీ కనపడుతోంది. గుండ్రటి అక్షరాలు. "మధ్యాహ్నం పన్నెండున్నర. రిపేరు అన్న బరువు కార్డు పై స్లాటు నుంచి తీసి కింది స్లాటులో పెట్టినాడు. బండి ఎక్కించి చూడలేదు." ఓనరు దాన్ని చదవలేదు. "ఈ కతలన్నీ రాసేదానికా నిన్ను పెట్టుకునింది?" అని చేత్తో నెట్టేశాడు. నోటుబుక్కు కింద పడింది.

ఆమె నా వైపు చూసింది. "అన్నా, నువ్వు చెప్పు" అంది.

నేను డబ్బా మూత స్క్రూ బిగిస్తున్నాను. అది అప్పటికే బిగిసిపోయి ఉంది. అయినా తల ఎత్తకుండా దాన్నే తిప్పుతూ ఉన్నాను. ఆమె కొంచెంసేపు చూసి, నోటుబుక్కు తీసుకుని, గోడకు తగిలించిన టిఫిన్ సంచి తీసుకుని, లారీల వరస పక్క నుంచి నడిచి వెళ్లిపోయింది. పోతుంటే ఎవరూ ఆపలేదు. మరునాటి నుంచి ఆ కుర్చీలో ఓనరు బామ్మర్ది కూర్చున్నాడు. ఆయనకు ఎక్కడో ఒకచోట పని చూపించాలని ఇంట్లో చాన్నాళ్ల నుంచి పోరు ఉందట, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఓనరుకు ఒక సాకు కావాలి, అది తీసుకుపోయి చేతిలో పెట్టినవాణ్ణి నేను.

ఓనరు మీద కోపం రాలేదా అంటే వచ్చింది. పళ్లు కొరికాను, ఇంటికి వచ్చి అన్నం కంచం ముందర ఆయన్ను తిట్టాను. కానీ ఆయనను తిట్టినంతసేపూ నాకు తెలుస్తూనే ఉంది, ఆ తిట్లు పోవలసిన చోటికి పోవడం లేదని.

ఆమె పోయిన వారమే శుక్రవారం పొద్దున ఫోన్ వచ్చింది. బీపులు. ఈసారి బామ్మర్ది ఎదురొచ్చి "నేనేం ముట్టుకోలేదప్పా" అన్నాడు. ఆ పూట మాత్రం శుక్రవారమంటే నవ్వు రాలేదు. ఆమె లేదు, శుక్రవారం ఉంది. ర్యామ్ తీసి రుద్దితే మళ్లీ అదే గోధుమరంగు జిగురు. అప్పుడు, నాలుగు నెలలు ఆలస్యంగా, నాకు బుద్ధి వచ్చింది. శుక్రవారం పొద్దున చెడిపోతోందంటే గురువారం సాయంత్రం ఏం జరుగుతోందో చూడాలి కదా.

తర్వాతి గురువారం సాయంత్రం పనేమీ లేకపోయినా వెళ్లి ఎదురుగా టైర్ల అంగట్లో కూర్చున్నాను. ఆరు దాటాక ఊదు తాత వచ్చాడు. మా వైపు గురువారాలు అంగడంగడికీ ఊదు, అంటే సాంబ్రాణి పొగ, పట్టిస్తూ తిరిగే పెద్దాయన. ఒక చేతిలో నిప్పుల ఊదుదాని, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. గడప దగ్గర నిలబడి నిప్పు మీద ఊదు చల్లుతాడు, పొగ లేస్తుంది, నెమలీకలతో అంగడి మీద, మనుషుల తల మీద ఆడించి దువా చేసి పోతాడు. హిందువుల అంగడైనా ముస్లింల అంగడైనా ఆయన వస్తే లేచి నిలబడతారు. నా చిన్నప్పటి నుంచి చూస్తున్నదే.

కాటా గదిలో మాత్రం ఓనరు ఇంకో పని చేశాడు. టేబులు కింద నుంచి కంప్యూటర్ డబ్బాను రెండు చేతులా ముందుకు లాగాడు. పక్క మూతకున్న ఒక్క స్క్రూ తిప్పి దాన్ని తీశాడు. "ఇంకా లోపలికి పట్టు తాతా, ఇంకా లోపలికి. ఈ నడుమ దీనికి శానా దిష్టి తగుల్తాండాది" అన్నాడు. తాత ఊదుదానిని డబ్బా నోటి దగ్గర పెట్టాడు. లోపల ఫ్యాను తిరుగుతూనే ఉంది, పొగనంతా పీల్చుకుంది. ఆ తర్వాత ఓనరు డబ్బాను కాలితో మళ్లీ లోపలికి తోశాడు.

వారం వారం పొగ జిగురు, దాని మీద సిమెంటు దుమ్ము, ఆ పైన ఈడ్చుడూ తోపుడూ. ఇంక ర్యామ్ పళ్లు స్లాటులో ఎట్లా అంటుకుని ఉంటాయి? రాత్రంతా చల్లారి పొద్దున ఆన్ చేస్తే బీపు కొట్టక ఏం చేస్తుంది? ఐదింటికే ఇంటికి పోయే ఆమెకు ఇదంతా తెలిసే దారే లేదు. అయినా శుక్రవారమని పట్టుకుంది. రోడ్డు దాటి గదిలోకి పోయి మొత్తం చెప్పాను.

ఓనరు మొహం ఎర్రబడింది. "ఏండ్ల తరబడి పట్టిస్తాండాం ఊదు. ఎప్పుడూ కానిది ఇప్పుడైతాదా? నీకు చేతగాక ఊదు మీదికి తోస్తావా? కళ్లు పోతాయి."

నేను ఏదో అనబోతుంటే తాత అందుకున్నాడు. "నేను చెప్తానే ఉండా నాయనా ఈయనకు. గడప కాడ చాలు, మనిషికి చాలు, ఆ డబ్బాకెందుకు అని. వినడు. చెయ్యి పట్టి లాక్కపోతాడు." నెమలీకల కట్ట చంకలో పెట్టుకుని నా వైపు చూశాడు. "ఆ పాప యాడికి పాయ? తాగేదానికి నీళ్లిచ్చేది, మధ్యాన్నం పూట నేను ఈ తట్టు వచ్చినప్పుడు."

కార్డు మార్చింది నేనే అని చెప్పడానికి అదే సమయం, నోరు తెరిస్తే చాలు. దానికి బదులు స్పిరిటూ బ్రష్షూ తీసి, స్లాట్లన్నీ కడిగి, ఆ పక్క మూతకు నాలుగు వైపులా స్క్రూలు బిగించి వచ్చేశాను. ఆ తర్వాత అక్కడ బీపులు రాలేదు. నా తెలివికి నేనే మురిసిపోవలసింది. ఆ నెలంతా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మెచ్చుకున్న కస్టమర్ల మీద కూడా విసుక్కున్నాను.

ఏడాది దాటింది. కోయిలకుంట్లలో ఒక ఆన్‌లైన్ సెంటర్ నుంచి పిలుపు వచ్చింది. రైతులు పొలం కాగితాలకు, పిల్లలు కులం సర్టిఫికెట్లకు వచ్చే చిన్న గది. పాత కంప్యూటర్ పొద్దున ఆన్ చేస్తే విండోస్‌లోకి పోవడం లేదట. రైలు దిగి నడుచుకుంటూ పోయాను. గదిలోకి అడుగు పెట్టి సంచి ఇంకా కింద పెట్టలేదు, కంప్యూటర్ ముందర కూర్చున్న మనిషి దిగ్గున లేచి రెండడుగులు వెనక్కి వేసింది.

"ముందే చెప్తాండా అన్నా. నేనేం ముట్టుకోలేదు."

ఆమె. నన్ను గుర్తుపట్టిన తర్వాత అన్న మాట అది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుని ఉంది. ఇన్నేళ్లుగా ఆ మాట విని ఒళ్లు మండించుకున్నవాణ్ణి, ఆ మాట ఎప్పుడూ అనని ఒక్క మనిషికి దాన్ని నేర్పింది నేనే.

డబ్బా విప్పాను. బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, అది చచ్చిపోయింది. కరెంటు తీసిన ప్రతిసారీ మిషన్ తేదీ మరిచిపోతోంది, హార్డ్ డిస్క్ ఎక్కడుందో మరిచిపోతోంది. బ్యాటరీ మార్చి, అన్నీ సరిచేసి ఆన్ చేస్తే విండోస్ వచ్చింది. సెంటర్ ఆయన లోపలి నుంచి వచ్చి అడిగాడు. "ఏమప్పా, ఎవురన్నా కెలికినారా?"

"లేదు" అన్నాను. "బ్యాటరీ అయిపోయింది. ఎవరూ ఏమీ చెయ్యలేదు." ఆయన సరే అని పోతుంటే వెనక నుంచి ఇంకోసారి చెప్పాను. ఎవరూ ఏమీ చెయ్యలేదు. ఆయన నన్ను వింతగా చూశాడు.

గదిలో మేమిద్దరమే మిగిలాక అడిగాను. "నోటుబుక్కు రాయడం లేదా అమ్మా?"

"రాసి ఏం చేసేదన్నా?" అంది.

అప్పుడు చెప్పాను. ఆ పొద్దు కార్డు మార్చింది నేనేనని, తెలిసే అబద్ధం ఆడానని, శుక్రవారం సంగతి ఆమె చెప్పినట్టే నిజమని, ఊదు కథ అంతా. ఆమె వింటూనే ప్రింటర్‌లో కాగితాలు సర్దింది.

"నువ్వే మార్చినావని నాకు తెలుసు గదన్నా. నేనే గదా రాసింది. తెలిసిన నాకు చెప్తే ఏం లాభం? తెలీనోళ్లకు చెప్పు. అందరి ముందర అంటివి, అందరి ముందర చెప్పు."

మరునాడు పొద్దున్నే ఎర్రగుంట్ల కాటా దగ్గరికి పోయాను. వరసలో లారీలున్నాయి, గది ముందర ఏడెనిమిది మంది డ్రైవర్లు టీ తాగుతున్నారు, ఓనరు ఉన్నాడు, బామ్మర్ది ఉన్నాడు. పరిచయాలూ పలకరింపులూ పెట్టుకోలేదు. గట్టిగా చెప్పాను. ఏడాది కిందట ఈ కాటాలో సున్నా వచ్చింది నా వల్ల, కార్డు మార్చి చూసుకోకుండా పోయింది నేను, ఎవరో కెలికారని అబద్ధం చెప్పింది నేను, ఈ కుర్చీలో కూర్చున్న ఆమె తప్పు రవ్వంత కూడా లేదు.

ఓనరు మొదట బిత్తరపోయాడు. తర్వాత "అయిపోయిందానికి ఇప్పుడెందుకప్పా ఈ పంచాయితీ? బండ్లు ఆగినాయి చూడు" అని లోపలికి పోయాడు. డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ రోజు సినిమాల మాట అన్న డ్రైవర్ కూడా అక్కడే ఉన్నాడు, నేను వాణ్ణి ఎప్పటికీ మరిచిపోను. టీ గ్లాసు కింద పెట్టి అడిగాడు.

"యా పాపప్పా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. గుర్తు చేశాను. నోటుబుక్కు, టిఫిన్ సంచి, లారీల పక్క నుంచి నడిచి వెళ్లడం. "ఏమో అప్పా, శానామంది కూసుంటా ఉంటారు ఈడ" అని లేచి బండి వైపు పోయాడు. వాడి చొక్కా పట్టుకుని నిలదీయాలనిపించింది. ఒక్క వెటకారపు మాటతో ఒక మనిషిని రోడ్డు మీదికి తోసి, వాడు ఆ సాయంత్రానికే మరిచిపోయాడు. ఇంక నేనన్న మాటను ఎవరి దగ్గర నుంచి వెనక్కి తీసుకోవాలి?

స్టేషన్ దగ్గర నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. "చెప్పినానమ్మా, అందరి ముందర."

"ఏమన్నారన్నా?"

అబద్ధం నోటి చివరి దాకా వచ్చింది. అందరూ శానా బాధపడినారమ్మా అని. మింగేశాను. "వాళ్లకు నువ్వు గుర్తు లేవమ్మా" అన్నాను.

అటు వైపు ప్రింటర్ చప్పుడు ఆగింది.

"నాకు అందరూ గుర్తుండారన్నా" అంది. "ఆ పొద్దు పలక మీద నిలబడిన బండి నెంబరు కూడా." ఆ నెంబరు చెప్పింది.